ముందు పళ్ల సందు: బాండింగ్, క్లిప్పులు, వినీర్లలో ఏది ఎవరికి?

నమస్కారం. కెమెరాకు దగ్గరగా చూపిస్తున్న ఈ రెండు పై పళ్ల మధ్య నాలుగేళ్ల క్రితం దాదాపు 2 మిల్లీమీటర్ల సందు ఉండేది. సందు పళ్లు అదృష్టమని మా అమ్మమ్మ నమ్మకం కాబట్టి, దాన్ని పూడ్పించుకున్నాక వచ్చిన సంక్రాంతికి ఆమె ఎదుట నోరు విప్పి నవ్వడానికి నేను కొంత వెనకాడాను. నేను దంత వైద్యుణ్ణి కాను. చేయించుకున్నవాడిగా, చేయించుకునే ముందు చాలా విచారించినవాడిగా మాత్రమే మాట్లాడుతున్నాను.

నేను ఎంచుకున్నది బాండింగ్. పంటి పైపొర అయిన ఎనామిల్‌పై ఫాస్ఫారిక్ ఆమ్లపు జెల్‌ను కొన్ని సెకన్లు ఉంచి, కడిగి, గరుకెక్కిన ఆ పొరపై కాంపోజిట్ అనే పంటి రంగు పదార్థాన్ని కొద్దికొద్దిగా పేర్చి, నీలి కాంతితో గట్టిపరిచి, చివర నునుపు చేస్తారు. సాధారణంగా పంటిని అరగదీయవలసిన అవసరం ఉండదు, మత్తు సూది కూడా అక్కరలేదు, ఒక్క పూటలో పని పూర్తవుతుంది. రంగును మాత్రం పని మొదలుపెట్టే ముందే, పళ్లు తడిగా ఉన్నప్పుడే ఎంచుకోవాలి; ఆరిన పన్ను అసలు కంటే తెల్లగా కనిపిస్తుంది కనుక ఆలస్యం చేస్తే లెక్క తప్పుతుంది. పళ్లు తెల్లబరిపించుకోవాలనుకునేవారు ఆ పనిని ముందే ముగించి, కనీసం రెండు వారాలు ఆగి బాండింగ్‌కు వెళ్లాలి, ఎందుకంటే తెల్లబరిచే మందుకు కాంపోజిట్ తెల్లబడదు.

లోపాలూ చెప్పాలి. రెండో ఏట చెరకు ముక్కను ముందు పళ్లతో చీల్చబోయి ఒక అంచు విరగ్గొట్టుకున్నాను; తప్పు పూర్తిగా నాదే. మరమ్మతు అరగంటలో అయింది. రోజుకు మూడు కప్పుల కాఫీ, పసుపు వేసిన కూరలు కలిసి అతుకు గీత వద్ద లేత పసుపుచాయ తెచ్చాయి, పాలిష్ చేయిస్తే చాలావరకు పోయింది. ఐదారేళ్లకు ఒకసారి మళ్లీ చేయించుకోవలసి రావచ్చునన్న అంచనాతోనే దీనికి సిద్ధపడాలి.

సందు పెద్దదైతే బాండింగ్ ఎందుకు నప్పదో ఒక చిన్న లెక్క చెబుతుంది. పై ముందు పన్ను సగటు వెడల్పు సుమారు 8.5 మిల్లీమీటర్లు, ఎత్తు సుమారు 10.5; ఎత్తులో వెడల్పు 75 నుంచి 80 శాతం ఉంటే కంటికి ఇంపుగా ఉంటుందని వైద్యులు చెబుతారు. 2 మిల్లీమీటర్ల సందును పూడ్చడానికి ఒక్కో పంటికి 1 చొప్పున కలిపితేనే నిష్పత్తి 90 శాతానికి చేరుతుంది, అంతకు మించితే పన్ను పలకలా కనిపిస్తుంది. నా విషయంలో పక్క పళ్ల అంచులకూ కొద్దిగా పదార్థం చేర్చి ఆ వెడల్పును పంచారు. అందుకే ముందుగా జెల్ పెట్టకుండా కాంపోజిట్‌ను ఊరికే అద్ది, అద్దంలో చూపించి, ఊడదీసే నమూనాను అడగండి. నేను అడిగి చేయించుకున్నాను, మొదటి నమూనా నాకు నచ్చలేదు కూడా.

అయితే ఇవన్నీ ఆలోచించే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న వేరే ఉంది: సందు ఎందుకు వచ్చింది? ఏడెనిమిదేళ్ల పిల్లల్లో ఇది చాలాసార్లు సహజమే. కోర పళ్లు దిగే 11, 12 ఏళ్ల వయసుకు తనంతట తానే మూసుకుపోవచ్చు. పై పెదవిని చిగురుతో కలిపే కండ బలంగా ఉండటం, మింగేటప్పుడు నాలుక పళ్లను తోయడం, పక్క పన్ను పుట్టకపోవడం మరికొన్ని కారణాలు. నడివయసులో కొత్తగా సందు ఏర్పడుతుంటే మాత్రం అది అందం సమస్య కాదు, చిగుళ్ల వ్యాధి వల్ల ఎముక తగ్గుతోందన్న హెచ్చరిక కావచ్చు. అప్పుడు బాండింగ్ కాదు, ముందు చిగుళ్ల వైద్యం కావాలి.

పెద్ద సందుకు, లేదా పళ్లు వంకరగా కూడా ఉన్నవారికి నా ఓటు క్లిప్పులకే, లేదా పళ్లను మెల్లగా జరిపే పారదర్శకమైన తొడుగులు, అంటే అలైనర్లకే. నెలల తరబడి ఓపిక కావాలి కానీ మీ సొంత పన్ను అలాగే ఉంటుంది, దాని ఆకారమూ మారదు. ఇక్కడ చాలామంది మోసపోయేది చివర్లో: మూసిన సందు మళ్లీ తెరుచుకోవడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, కనుక పళ్ల వెనుక అతికించే సన్నని తీగను దీర్ఘకాలం ఉంచుకోవలసిందే. ఇందాక చెప్పిన పెదవి కండను కత్తిరించవలసి వస్తే, మచ్చ అడ్డుపడకుండా చాలావరకు సందు మూసుకున్నాకే చేస్తారు.

పంటి ముందు భాగంపై అతికించే పలుచని పింగాణీ పొరలైన వినీర్లు మెరుపును, రంగును బాగా నిలుపుకుంటాయి, పది పదిహేనేళ్లు రావచ్చు. అయితే వాటికోసం సాధారణంగా 0.3 నుంచి 0.7 మిల్లీమీటర్ల ఎనామిల్ తీసేస్తారు, అది మళ్లీ పెరగదు. ఆరోగ్యమైన పళ్లున్న 22 ఏళ్ల వ్యక్తికి కేవలం సందు కోసం వినీర్లు సూచించడం నాకు సమంజసంగా తోచదు.

ఇక రబ్బరు బ్యాండు వేసి ఇంట్లోనే సందు మూసుకునే చిట్కాలు చూపించే వీడియోలను దయచేసి నమ్మకండి. పంటి వేరు కింది నుంచి పైకి సన్నబడుతుంది కాబట్టి బ్యాండు చిగురు లోపలికి జారిపోతుంది, లోపలే ఎముకను తినేస్తుంది, రెండు ముందు పళ్లూ ఊడిపోయిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి.