ఇల్లు కట్టాక మిగిలిన నేలలో కూరగాయల మడి

[దృశ్యం: ఇంటి వెనుక ఖాళీ చోటు. గడ్డపార దిగకుండా ఖంగుమంటుంది.]

హైదరాబాదులో కొత్తగా కట్టిన ఇంటి వెనుక పది గజాల చోటు మిగిలితే వెంటనే టమాటా నారు నాటాలనిపించడం సహజమే కానీ, అక్కడ పైకి కనిపించేది చాలాసార్లు సారవంతమైన మట్టి కాదు. పునాది తవ్వినప్పుడు అడుగు నుంచి పైకొచ్చిన మొరం, దాని మీద పని ముగించుకుని వెళ్లినవారు వదిలేసిన సిమెంటు పెచ్చులు, కంకర, ఇటుక ముక్కలు. ముందుగా వీటిని ఒక అడుగు లోతు వరకు ఏరివేయాలి. విసుగు పుట్టించే పనే, అయినా దీనికి దగ్గరదారి లేదు.

[దృశ్యం: పిడికెడు మట్టి మీద వెనిగర్ చుక్కలు. సన్నని నురగ.]

ఈ నురగ మట్టిలో సున్నం ఉందనడానికి గుర్తు. సున్నం ఎక్కువైన నేలలో ఇనుము మొక్కకు అందదు. లేత ఆకులు పసుపుబారి, ఈనెలు మాత్రమే పచ్చగా మిగులుతాయి.

[దృశ్యం: గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు. బాగా కుదిపి, కదపకుండా ఉంచడం.]

ఒకటి రెండు నిమిషాల్లో ఇసుక అడుగుకు చేరుతుంది, కొన్ని గంటల్లో ఒండ్రు దాని మీద పేరుకుంటుంది, బంకమన్ను తేరుకోవడానికి మాత్రం ఒక రోజు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. గ్రానైటు శిథిలమై ఏర్పడిన మన ఎర్రనేలల్లో ఇసుక పొర మందంగా ఉంటుంది కాబట్టి నీరు నిలవదు. చేవెళ్ల వైపు కనిపించే నల్లరేగడిలో బంకమన్ను ఎక్కువ కాబట్టి వానకు జిగటవుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పేటను బట్టి నేలను ఊహించకండి: పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఆవరణలోనే ఈ రెండు నేలలూ ఉన్నాయి. రేగడిలో కాస్త ఇసుక కలిపితే గుల్లబారుతుందన్న సలహా తరచుగా వినబడుతుంది. నేను దానిని సమర్థించను. రెండింటికీ పనికొచ్చేది చివికిన ఎరువే.

భూసార పరీక్ష చేయించదలిస్తే, ఎరువు వేయకముందే నాలుగైదు చోట్ల 15 సెంటీమీటర్ల లోతు నుంచి మట్టి తీసి, కలిపి, నీడలో ఆరబెట్టి అరకిలో పంపండి.

[దృశ్యం: ఎరువును చేత్తో నలపడం.]

చివికిన పశువుల ఎరువుకు పేడ వాసన ఉండదు, చేతిలో పొడిపొడిగా రాలుతుంది. పచ్చి పేడ వేస్తే వేర్లు మాడతాయి, చెదలు చేరతాయి. పది గజాల మడికి రెండు అంగుళాల మందాన పరచడానికి 15 ఘనపుటడుగుల ఎరువు కావాలి, అంటే సిమెంటు బస్తా పరిమాణంలో 12 బస్తాలు. చాలామంది రెండు బస్తాలతో సరిపెట్టి, మొక్క ఎదగలేదని విత్తనాన్ని తప్పుపడతారు.

ఎరువును ఎనిమిది అంగుళాల లోతు వరకు కలియదున్నే ముందు గుప్పెడు మట్టిని పిసికి చూడండి. ముద్దయి, బొటనవేలితో నొక్కగానే విడిపోతే తవ్వవచ్చు. ముద్ద విడవకపోతే రెండు మూడు రోజులు ఆగండి, ఎందుకంటే తడి రేగడిని తవ్వితే ఎండాక రాళ్లవంటి గడ్డలే మిగులుతాయి. జూన్‌లో తొలకరి పడేలోగా ఈ పని ముగించి, ఎండుటాకులు కప్పి, అప్పుడప్పుడు తడుపుతూ రెండు వారాలు వదిలేయండి. ఆ వ్యవధిలో మొలిచిన తుంగను గడ్డలతో సహా తీసివేసి, మొదటి విడతగా లోతుకు వేరు అవసరం లేని తోటకూర చల్లండి.