ఎపిసోడ్ 47: తుడిచేది మురికిని కాదు, నీళ్లని

రమ: రికార్డవుతోందా? ఎర్ర లైటు కనిపించట్లేదు.

కిరణ్: వెలుగుతోంది అక్కా. దాని మీద నీ పర్సు పెట్టావు.

రమ: ఆఁ. అందరికీ నమస్కారం. నేను రమ, వీడు కిరణ్. పాత ఎపిసోడ్‌లోని నిమ్మకాయల వాదన గురించి మెయిళ్లు పెట్టినవాళ్లకి ఇవాళ కూడా జవాబు లేదు.

కిరణ్: ఇక ఉండదు కూడా. అది ముగిసిపోయిన విషయం.

రమ: నీకు ముగిసింది. సరే, ఇవాళ్టి సంగతి: పెద్ద బిల్డింగుల అద్దాలు ఎలా తుడుస్తారు? దుబాయ్‌లో ఉండే ఒకాయన అడిగారు. ఆయన ఆఫీసు కిటికీలోంచి బుర్జ్ ఖలీఫా కనిపిస్తుందట. వీడు ఆరేళ్లు గచ్చిబౌలిలో ఆ పని చేయించాడు కాబట్టి...

కిరణ్: చేయించడమే కాదు, చేశాను. మొదటి ఏడాదంతా తాడు మీదే.

రమ: అమ్మకి తెలీదు అది.

కిరణ్: ఇప్పుడు తెలుస్తుంది.

రమ: అమ్మ చివరి ఐదు నిమిషాలే వింటుందిలే. చెప్పు.

కిరణ్: బుర్జ్ ఖలీఫా 828 మీటర్లు, 24 వేలకు పైగా అద్దాలు. గోడ లోపలే యంత్రాలు దాచి పెట్టారు. అవి చెయ్యి చాపినట్టు బయటికొచ్చి తొట్టిని కిందికి దించుతాయి. మనుషులు ఆ తొట్టిలో నిలబడి తుడుస్తారు. కొస భాగానికి మాత్రం తాళ్ల వాళ్లే. మొత్తం ఒక చుట్టు రావడానికి సుమారు మూణ్ణెల్లు పడుతుంది. అయ్యేసరికి మొదట తుడిచిన చోట మళ్లీ దుమ్ము.

రమ: మనింట్లో గిన్నెల లాగా.

కిరణ్: మన దగ్గర ఎక్కువగా తాళ్లు, లేకపోతే జూలా, అంటే పైనుంచి వేలాడే బల్ల. తాడంటే ఒకటి కాదు, రెండు. ఒకదాని మీద దిగుతావు, రెండోది ఊరికే నీతో పాటు వస్తుంది. మొదటిది జారినా తెగినా రెండోది పట్టుకుంటుంది. రెండూ ఒకే కొక్కేనికి కట్టకూడదు, వేరే వేరే చోట కట్టాలి. పిట్టగోడ అంచుకి తాడు రాసుకోకుండా మధ్యలో తొడుగు వేయాలి. పైన ఒకడు, కింద ఒకడు ఎప్పుడూ ఉండాలి. వైపర్, బకెట్, గుడ్డ అన్నీ ఒంటికి కట్టేసి ఉండాలి. అంత ఎత్తు నుంచి వైపర్ కింద ఎవరి నెత్తినో పడితే ఇంకేముంది!

రమ: భయమేయలేదా?

కిరణ్: ఎత్తుకి రెండు రోజులే భయం. అసలు కష్టం వేరే. వైపర్‌తో అద్దాన్ని నొక్కితే అద్దం కదలదు, నువ్వు వెనక్కి పోతావు.

రమ: న్యూటన్ మూడో సూత్రం.

కిరణ్: ఆ సూత్రం నాకు స్కూల్లో అర్థం కాలేదు, పదకొండో అంతస్తులో అర్థమైంది. అందుకే ఎడమ చేతిలో గాలి బుడ్డి ఉంటుంది. అద్దానికి అదిమితే అంటుకుంటుంది. దాన్ని పట్టుకుని కుడి చేత్తో పని.

రమ: సరే, తుడవడం ఎలాగో చెప్పు. మా పనావిడ పేపరుతో తుడుస్తుంది, అద్దం మెరిసిపోతుంది.

కిరణ్: అక్కా, జనం తప్పు చేసేది ఇక్కడే. మురికిని రుద్ది తీయాలనుకుంటారు. బొచ్చు తొడిగిన కర్రని సబ్బునీళ్లలో ముంచి అద్దమంతా రుద్దగానే మురికి ఊడి నీళ్లలో కలిసిపోతుంది. సబ్బు కూడా బకెట్‌కి నాలుగు చుక్కలే. ఇక నువ్వు తీయాల్సింది ఆ నీళ్లని. ఒక్క చుక్క మిగలకుండా తీశావా, మురికి దానితోనే పోయింది. మిగిల్చావా, అది ఆరి మరకవుతుంది.

రమ: ఆ నీళ్లలో ఏముందో కూడా చూడాలి.

కిరణ్: మొదలైంది.

రమ: మొదలవడం కాదురా. నిన్న మన బోరు నీళ్లలో టీడీఎస్ మీటరు, అంటే నీళ్లలో కరిగిన లవణాలు కొలిచేది, పెడితే లీటరుకి 1180 మిల్లీగ్రాములు. తాగే నీళ్లకి 500 దాటకపోతే మంచిదని ప్రమాణం. వేరే దిక్కు లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. 1180 ఉన్న నీళ్లతో అద్దం కడిగితే మురికి పోయి సున్నం వస్తుంది. ఎక్కడి నీళ్లయినా సరే...

కిరణ్: మొన్న పెళ్లిలో పానకంలో కూడా పెట్టింది మీటరు. శ్రోతలకి తెలియాలి.

రమ: పానకంలో బెల్లం ఉంటుంది, అది అసలు లెక్కే కాదని నేనే చెప్పాను.

కిరణ్: పెట్టాక చెప్పావు. సరే, ఈ ఒక్క విషయంలో మాత్రం నువ్వన్నది నిజం. విదేశాల్లో చాలా పని ఇప్పుడు సబ్బు లేకుండానే అవుతోంది. నీళ్లని వడగట్టి టీడీఎస్ సున్నాకి తెస్తారు. పొడవాటి కర్ర, చివర బ్రష్షు, కర్ర వెంబడి పైపు. కింద నిలబడే నాలుగో అంతస్తు దాకా కడిగేస్తారు. తుడవరు. ఆరినా మరక ఉండదు, ఎందుకంటే నీళ్లలో మిగలడానికి ఏమీ లేదు.

రమ: చూశారా. వీడే ఒప్పుకున్నాడు. ఈ తేదీ రాసుకోండి.

కిరణ్: వైపర్ సంగతికొస్తా. 1936లో అమెరికాలోని ఓక్లాండ్‌లో ఎటోరే స్టెకోన్ అనే ఇటలీ నుంచి వచ్చినాయన ఇత్తడి వైపర్ తయారుచేసి, దానికి పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు వాడేది ఇనుముది, బరువు. రబ్బరు మార్చాలంటే పన్నెండు మరలు విప్పాలి. ఇప్పటికీ అందరూ పట్టుకునేది దాదాపు ఆయన చేసినదే. వాడే పద్ధతేంటంటే, ముందు పై అంచున రెండు అంగుళాలు పొడి గుడ్డతో దారి చేసుకోవాలి. వైపర్ రబ్బరు బ్లేడు అక్కడ మొదలవ్వాలి. పొడి చోట మొదలైతే గీత పడదు. తర్వాత ఎడమ నుంచి కుడికి, తిప్పి కుడి నుంచి ఎడమకి, అద్దం మీంచి లేపకుండా పాము లాగా కిందికి రావాలి. నీళ్లు ఎప్పుడూ బ్లేడు ముందే ఉండాలి. చివర అంచులు గుడ్డతో. ఎండ పడే వైపు చేయకూడదు, తీసేలోపే సబ్బు ఆరిపోతుంది. పొద్దున పడమటి వైపు, మధ్యాహ్నం తూర్పు వైపు.

రమ: మరి మా గృహప్రవేశానికి అద్దాలు తుడవడానికి వచ్చినవాళ్లకి ఇవేవీ తెలీదన్నమాట.

కిరణ్: వద్దక్కా.

రమ: ఎందుకు వద్దు? కిటికీల గురించే కదా. బాల్కనీ అద్దం తలుపు మీద సిమెంటు చుక్కలున్నాయి. నువ్వు ఊళ్లో లేవు. ఎవరో నంబరిస్తే ఇద్దరు కుర్రాళ్లొచ్చారు. బ్లేడు పెట్టి గీకారు. సిమెంటు పోయింది, అద్దం నిండా గీతలు మిగిలాయి. సాయంత్రం ఎండ పడితే వెంట్రుకలు అతికించినట్టు కనిపిస్తాయి. ఒప్పుకున్న డబ్బులో 2000 పట్టుకున్నాను. పట్టుకోనా మరి?

కిరణ్: ఆ తలుపు మూలలో చిన్న ముద్ర ఉంది. ఎప్పుడైనా చూశావా?

రమ: కంపెనీ పేరు.

కిరణ్: అది టఫెండ్ గ్లాస్, అంటే గట్టిపరిచిన అద్దం అని ముద్ర. ఆ అద్దాన్ని 600 డిగ్రీల పైన కాల్చి, ఒక్కసారిగా గాలి కొట్టి చల్లారుస్తారు. కోసిన అంచుల గాజుపొడిని కొలిమిలో పెట్టేముందు బాగా కడగకపోతే, ఆ రేణువులు కాలినప్పుడు అద్దానికే అంటుకుపోతాయి. కంటికి కనిపించవు. బ్లేడు పెట్టగానే ఒక రేణువు ఊడుతుంది, దాన్ని బ్లేడు ఈడ్చుకుంటూ పోతుంది. గీత పెట్టేది ఆ గాజుపొడి, బ్లేడు కాదు. అమెరికాలో ఈ పని చేసేవాళ్లు బ్లేడు పెట్టేముందు ఇంటివాళ్ల చేత కాగితం మీద సంతకం తీసుకుంటారు, ఈ గొడవ వస్తుందని.

రమ: అయితే తప్పు ఫ్యాక్టరీది. మరి వీళ్లు ముందే చెప్పాలి కదా?

కిరణ్: రోజుకి ఐదారొందల కూలికి వచ్చే కుర్రాడికి ఎవరు చెప్పారు ఇది? నాకే నాలుగేళ్లు పట్టింది. ప్లాస్టరింగ్ అప్పుడు అద్దం మీద ప్లాస్టిక్ షీటు కప్పని మేస్త్రీకి పూర్తి డబ్బులిచ్చారు కదా మీరు. పైగా బట్టలు కూడా.

రమ: బట్టలు ఆనవాయితీ.

కిరణ్: ఆనవాయితీయే. 2000 మాత్రం ఈ పిల్లల దగ్గర.

రమ: నువ్వెందుకంత కోపంగా ఉన్నావు?

కిరణ్: నా మొదటి ఏడాదిలో ఒక విల్లా ఆవిడ ఇలాగే పట్టుకుంది. అది నా నాలుగు రోజుల జీతం. అప్పుడు నీకు ఫోన్ చేసి డబ్బులడిగాను. ఎందుకో చెప్పలేదు.

(కాసేపు నిశ్శబ్దం)

రమ: బైకు రిపేరన్నావు.

కిరణ్: నాకు బైకే లేదు అప్పుడు.

రమ: ... అది తట్టలేదు నాకు.

కిరణ్: పోనీలే. ఒకటి చెప్పు. వాళ్లు తడిపి గీకారా, పొడిగా గీకారా?

రమ: నేను లోపల వంటవాళ్లతో ఉన్నాను.

కిరణ్: తడిపి, కొత్త బ్లేడుతో, ముందుకే తోయాలి. వెనక్కి లాగితే బ్లేడు కింద ఇరుక్కున్న ఇసుక గీకుతుంది. అన్నిటికన్నా ముందు ఒక మూల గీకి చూడాలి. చెయ్యి కింద గరగరమని వినిపిస్తే ఆపేయాలి. పొడిగా గీకితే మాత్రం వాళ్లది కూడా తప్పే, నేనే ఒప్పుకుంటాను.

రమ: నీళ్లు... ఆ రోజు ట్యాంకు ఖాళీ. పంతులుగారు వచ్చే టైమయింది. ఒక బకెట్ ఇచ్చి, దీనితోనే కానివ్వండి, త్వరగా అన్నాను.

కిరణ్: మొత్తం ఇంటికి ఒక బకెట్టా?

రమ: అదీ బోరుదే.

కిరణ్: (నవ్వు) ఎంత చూపించింది మీటరు?

రమ: నవ్వకు. అప్పటికి మీటరు కొనలేదు.

కిరణ్: ఆ నంబరుందా నీ దగ్గర?

రమ: ఉందేమో. బావ ఫోన్లో. అయినా గీతలు గీతలే కదరా, రోజూ చూసేది నేను. వెయ్యి ఇస్తే...

కిరణ్: వెయ్యి?

రమ: ఆలోచిస్తున్నాను అన్నాను. అది సరే, పాత తెల్ల మరకల సంగతి చెప్పలేదు నువ్వు. చాలామంది అడిగారు.

కిరణ్: కొత్తవైతే వెనిగర్ రాసి కాసేపు ఉంచితే పోతాయి. ఏళ్ల తరబడి ఉంటే అద్దాన్నే తినేసి ఉంటాయి, పాలిష్ పట్టాల్సిందే. ఏదో యాసిడ్ డబ్బా తెచ్చి పోస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు. మరకలు తీసే కొన్నింటిలో హైడ్రోఫ్లోరిక్ ఉంటుంది.

రమ: అది గాజుని కరిగిస్తుంది! చర్మం మీద పడితే వెంటనే మంట కూడా తెలియకపోవచ్చు, లోపల ఎముక దాకా పోతుంది. మా ల్యాబులో ఆ సీసా బీరువా తాళం నా దగ్గరే ఉండేది. దాన్ని చేతికి గ్లవుజు కూడా లేకుండా...

కిరణ్: ఆ కుర్రాళ్లకే ఇచ్చి పోయించేవాళ్లు. అదే చెప్తున్నా.

రమ: ఊఁ. వెనిగర్ లేకపోతే నిమ్మ...

కిరణ్: అక్కా, ప్లీజ్.

రమ: సరే సరే. ఆగు, హారన్. ట్యాంకరొచ్చింది. ఆ బ్యాగులోంచి మీటరు ఇలా ఇవ్వు.

కిరణ్: ఇంకా రికార్డవుతోంది.

రమ: అవనీ. పోయినసారి మంజీరా నీళ్లని చెప్పి బోరు నీళ్లు పోసి పోయారు. పైపు పెట్టకముందే చూడాలి. ఓ బాబూ! ఆగు, ఆగు, అప్పుడే వాల్వు తిప్పకు!

కిరణ్: అక్కా, చెప్పులు...