తాబేళ్ల తీరంలో హోటల్ వ్యాపారం: పోటీలో నిలబెట్టేది ఏది?

[దృశ్యం: ఋషికుల్య నదీముఖం, వేకువజాము]

వ్యాఖ్యానం: ఒడిశాలోని గంజాం జిల్లాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుంపులుగా ఒడ్డుకెక్కి గుడ్లు పెడతాయి. బరంపురం, గోపాల్‌పూర్‌లలో లాడ్జీలు, భోజనశాలలు నడుపుతున్న మన తెలుగువారికి ఈ తీరమే అసలైన పెట్టుబడి. అయితే అది ఏ ఒక్కరి సొత్తూ కాదు. చిక్కంతా అక్కడే ఉంది.

[దృశ్యం: ఇసుకలోంచి బయటపడుతున్న తాబేలు పిల్లలు]

సుమారు ఏడు వారాలకు పిల్లలు రాత్రిపూట ఇసుకను చీల్చుకుని వచ్చి, వెలుతురు ఎక్కువగా కనిపించే దిక్కుకు పాకుతాయి. సహజంగా ఆ దిక్కు సముద్రమే. ఒడ్డున ఫ్లడ్‌లైటు వెలుగుతుంటే మాత్రం అవి ఊరివైపు మళ్లి కుక్కల, కాకుల పాలవుతాయి. ఒక యజమాని దీపాలార్పినా పక్కవారు ఆర్పకపోతే ఫలితం ఉండదు కనుక, అందరికీ వర్తించే నియమమూ, దానిని పక్షపాతం లేకుండా అమలు చేసే యంత్రాంగమూ ఉన్నప్పుడే నిజాయితీగా నడుచుకున్నవారు నష్టపోకుండా ఉంటారు.

[దృశ్యం: చిలికా సరస్సు]

అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితా అయిన రామ్‌సర్ జాబితాకు 1981లో ఎక్కిన చిలికా, పూడిక పేరుకుని ఉప్పదనం తగ్గడంతో 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల పట్టికలో చేరింది. 2000లో సముద్రంలోకి కొత్త ముఖం తవ్విన తర్వాత, 2002లో ఆ పట్టిక నుంచి బయటపడింది. సరస్సు ఉత్తరపు ఒడ్డున ఉన్న మంగళాజోడిలో ఒకప్పుడు పక్షులను వేటాడినవారే నేడు ఇంజను లేని పడవల్లో సందర్శకులను తిప్పుతున్నారు. ఏ పిట్ట ఏ రెల్లుపొద దగ్గర వాలుతుందో వారికి తెలిసినంతగా బయటినుంచి వచ్చిన సంస్థకు తెలియదు. ఎంత డబ్బు పెట్టినా ఒక్క సీజనులో కొనలేని బలం అది.

[దృశ్యం: విశాఖ ఋషికొండ తీరం]

గుర్తింపు తెచ్చుకోవడం కన్నా నిలుపుకోవడమే కష్టం. శుభ్రమైన, సురక్షితమైన తీరాలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు బ్లూ ఫ్లాగ్‌ను 2020లో పొందిన ఋషికొండ, నిర్వహణ లోపాలపై ఫిర్యాదులు రావడంతో 2025లో దానిని తాత్కాలికంగా కోల్పోయి, లోపాలు సరిదిద్దుకున్న తర్వాతే తిరిగి పొందింది.

[దృశ్యం: గోపాల్‌పూర్ లాడ్జీల వెనుక వీధి]

చిన్న లాడ్జీకి సొంతంగా మురుగుశుద్ధి ఏర్పాటు చేసుకోవడం మోయలేని ఖర్చని యజమానులు అంటే, అది న్యాయమైన మాటే. నాలుగైదు లాడ్జీలు కలిసి ఒకే ఏర్పాటు చేసుకుని, గదుల సంఖ్యను బట్టి ఖర్చు పంచుకోవచ్చు. ఎవరెంత కట్టారో, యంత్రం ఏయే రోజుల్లో ఆగిపోయిందో ప్రతి నెలా అందరికీ కనిపించేలా రాసి పెట్టాలి. లెక్క దాచిన చోట రెండో సంవత్సరం ఎవరూ వాటా కట్టరు.