ముదురు గోడల భోజనాల గది: చీకటి గోడకు, వెలుగు కంచానికి

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. ఈ భాగంలో మనం భోజనాల గదిని ముదురు రంగులతో, తక్కువ వెలుతురుతో తీర్చిదిద్దుకోవడం గురించి మాట్లాడుకుందాం. కొన్నేళ్లుగా హైదరాబాదు అపార్టుమెంట్లలో తెల్ల గోడలను వదిలి నెమలికంఠం రంగు, ముదురాకుపచ్చ, కాఫీ రంగు వేయించుకునే కుటుంబాలు కనిపిస్తున్నాయి. ఇళ్ల లోపలి అలంకరణలో చాలాకాలంగా పనిచేస్తున్న ఒక డిజైనర్ ఈ రోజు మనతో ఉన్నారు. మేడమ్, ఇంట్లో ఇన్ని గదులుండగా ముదురు రంగుకు భోజనాల గదినే మీరు ఎందుకు సూచిస్తారు?

డిజైనర్: నమస్కారమండీ. పగటిపూట ఆ గదిలో మనం గడిపే సమయం చాలా తక్కువ. ఉదయం టిఫిను హడావిడిలో అయిపోతుంది, మధ్యాహ్నం చాలామంది ఇంట్లోనే ఉండరు, కుటుంబమంతా కలిసి కూర్చునేది రాత్రి భోజనానికే. కాబట్టి దీపం వెలుగులో ఎలా ఉంటుందన్నదే ఆ గదికి అసలు పరీక్ష. పడకగది, చదువుకునే గది, వంటగది పగటి వెలుతురును కోరుకుంటాయి గానీ భోజనాల గదికి అంత అవసరం లేదు. గోడలు వెనక్కి తగ్గి, బల్ల మాత్రమే వెలుగులో ఉన్నప్పుడు కూర్చున్నవాళ్ల చూపు ఒకరి ముఖం మీద ఒకరికి, కంచాల మీద నిలుస్తుంది. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా విలువైనది అదే.

వ్యాఖ్యాత: ఇది కొత్తగా వచ్చిన మోజు అనుకునేవారు ఉన్నారు.

డిజైనర్: మోజు మళ్లీ వచ్చింది గానీ ఆలోచన పాతదే. 19వ శతాబ్దంలో ఇంగ్లండులోని సంపన్నుల ఇళ్లలో భోజనాల గదికి ముదురు ఎరుపు, ముదురాకుపచ్చ, ముదురు చెక్క వాడటం మామూలు విషయం. బొగ్గు పొయ్యిల మసి, గ్యాసు దీపాల పొగ లేత గోడల మీద వెంటనే కనిపించేవి, పైగా విందులన్నీ రాత్రిపూట జరిగేవి. మన హైదరాబాదులోనే చూడండి, 1884లో నిర్మాణం మొదలైన ఫలక్‌నుమా ప్యాలెస్‌లో 101 మంది ఒకే బల్ల దగ్గర కూర్చునే భోజనశాల ఉంది. అక్కడ గదికి గాంభీర్యాన్ని తెచ్చేది ముదురు చెక్క, దాని మీది చెక్కడపు పని. అయితే ఈ పద్ధతిని అర్థం చేసుకోవాలనుకునేవారికి నేను ముందుగా చెప్పేది లండన్‌లో తయారై, ఇప్పుడు వాషింగ్టన్‌లో ఉన్న నెమలి గది గురించి.

వ్యాఖ్యాత: ఆ గది కథ కొంచెం వివరంగా చెప్పండి.

డిజైనర్: ఫ్రెడరిక్ లేలండ్ అనే ఓడల వ్యాపారికి లండన్‌లో ఒక ఇల్లు ఉండేది. ఆ ఇంటి భోజనాల గదిలో తన చైనా పింగాణీ పాత్రలను, ముఖ్యంగా నీలం, తెలుపు కలిసిన జాడీలను అమర్చుకోవడానికి ఆయన థామస్ జెకిల్ అనే వాస్తుశిల్పి చేత గోడల నిండా అల్మరాలు చేయించారు. ఆ తరువాత చిత్రకారుడు విస్లర్ 1876, 1877 సంవత్సరాలలో ఆ గది మొత్తాన్ని ముదురు నీలాకుపచ్చతో ముంచి, దాని మీద బంగారు రంగుతో నెమళ్లను చిత్రించారు. యజమాని అడిగినదానికన్నా ఆ పని ఎంతో పెరిగిపోయింది, డబ్బు దగ్గర ఇద్దరికీ పెద్ద తగాదా వచ్చింది, విస్లర్ గోడ మీద పోట్లాడుకుంటున్న రెండు నెమళ్లను కూడా గీసి వెళ్లారు. 1904లో చార్లెస్ లాంగ్ ఫ్రీర్ అనే అమెరికా సంపన్నుడు ఆ గదిని కొని, విడదీయించి తెప్పించుకున్నారు. 1923 నుంచి అది వాషింగ్టన్‌లోని ఫ్రీర్ గ్యాలరీలో ఉంది. అక్కడ ప్రవేశం ఉచితం కాబట్టి వర్జీనియా, మేరీల్యాండ్ ప్రాంతాల్లో ఉన్న మన తెలుగువాళ్లు ఒక సెలవు రోజున తప్పకుండా చూడవచ్చు.

వ్యాఖ్యాత: అంత ఖరీదైన గది నుంచి మన ఫ్లాట్లకు తీసుకోదగినది ఏముంటుంది?

డిజైనర్: బంగారం వాడిన తీరు తీసుకోవచ్చు. ఆ గదిలో ముదురు రంగు దానికదే గొప్పగా ఉండదు, బంగారు గీత మీద, పింగాణీ తెలుపు మీద వెలుగు పడినప్పుడే ఆ నీలాకుపచ్చకు లోతు వస్తుంది. మనకు దగ్గరలో ఉన్న బీదరు పనితనంలోనూ ఇదే రహస్యం. జింకు, రాగి కలిపి పోతపోసిన పాత్రలో వెండి తీగను పొదిగి, బీదరు కోట మట్టిని నవసాగరంతో కలిపి రుద్దితే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే నిలుస్తుంది. ఆ నలుపే లేకపోతే అంత సన్నటి వెండి తీగ కంటికి ఆనదు. మన భోజనాల గదిలో ఆ వెండి పనిని ఇత్తడి చెంబు, స్టీలు కంచం, తెల్లటి అన్నం, అరిటాకు పచ్చదనం చేస్తాయి. అందుకే గోడ రంగు ఎంచుకునే ముందు ఆ గోడ ముందు రోజూ ఏవి ఉంటాయో ఒకసారి చూసుకోమని చెబుతాను.

వ్యాఖ్యాత: చిన్న గదికి ముదురు రంగు వేస్తే గది మరీ ఇరుకైపోతుందన్న భయం చాలామందికి ఉంటుంది.

డిజైనర్: ఆ భయం సగం నిజం. గోడ తన మీద పడిన వెలుతురులో ఎంత భాగాన్ని తిరిగి పంపుతుందో రంగుల కంపెనీలు ఒక అంకెతో చెబుతాయి, దాన్ని ఎల్‌ఆర్‌వీ అంటారు. మంచి తెలుపుకు ఆ అంకె 80 దాటుతుంది, మనం మాట్లాడుకుంటున్న ముదురు రంగులకు పదిలోపే ఉంటుంది. అంటే గది మధ్యలో ఒక్క ట్యూబ్‌లైటు పెట్టి, గోడల సాయంతో వెలుతురు పంచుకునే మన పాత అలవాటు ఇక్కడ పనిచేయదు. తెల్ల గోడల కోసం పెట్టిన దీపాలనే ఉంచి గోడలకు మాత్రం ముదురు రంగు వేస్తే గది దిగులుగా తయారవుతుంది. నాకు వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువభాగం అలాంటి ఇళ్ల నుంచే వస్తాయి. దీపాలను మార్చిన తరువాత అదే గదిలో మూలలు ఎక్కడ ముగిశాయో కంటికి తెలియదు, అందువల్ల గది ఇరుకుగా కూడా అనిపించదు.

వ్యాఖ్యాత: అయితే దీపాల సంగతే ముందుగా చూద్దాం. ఏ దీపం ఎక్కడ పెట్టాలి?

డిజైనర్: మొదటిది బల్ల మీదికి వేలాడే దీపం. బల్ల ఉపరితలం నుంచి దీపం అడుగుకు 75 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే, వెలుగు కంచాల మీద పడుతుంది, ఎదురుగా కూర్చున్నవారి ముఖానికి దీపం అడ్డురాదు. బల్బు రంగు 2700 కెల్విన్ దగ్గర, అంటే పసుపు కలిసిన వెచ్చని వెలుగుగా ఉండాలి. చల్లని తెలుపు ముదురాకుపచ్చను బూడిదగా మారుస్తుంది, మనుషుల ముఖాల్లో కళ తీసేస్తుంది. అన్నిటికన్నా నేను పట్టుబట్టేది సీఆర్ఐ అనే అంకె దగ్గర, బల్బు వస్తువుల రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో అది చెబుతుంది, అది 90కి తగ్గకూడదు. తక్కువ సీఆర్ఐ బల్బు కింద ఆవకాయ ఎరుపు వెలిసిపోయి కనిపిస్తుంది, గోంగూర మట్టి రంగులోకి దిగిపోతుంది. అంత శ్రద్ధగా వండిన కూర కంచంలో అలా కనిపించడం నాకు బాధగా ఉంటుంది. బల్బు అట్టపెట్టె మీద ఆ అంకె లేకపోతే కొనవద్దు.

వ్యాఖ్యాత: విదేశీ పత్రికల ఫొటోల్లో ఈ గదులు దాదాపు చీకట్లోనే ఉంటాయి కదా?

డిజైనర్: అవి ఫొటో కోసం సర్దిన గదులు. మనం చేత్తో కలుపుకుని తినేవాళ్లం, చేపల పులుసు తినేటప్పుడు ముల్లు కనిపించాలి. ఇంట్లో అరవై దాటిన పెద్దవాళ్ల కంటిలోకి కుర్రవాళ్లతో పోలిస్తే చాలా తక్కువ వెలుతురు వెళుతుంది. అందుచేత చీకటి గోడకు ఉండాలి గానీ కంచానికి ఉండకూడదు. వేలాడే దీపానికి డిమ్మర్ పెట్టించి, డిమ్మర్‌తో పనిచేసే ఎల్ఈడీ బల్బునే కొనాలి, లేకపోతే వెలుతురు తగ్గించినప్పుడల్లా బల్బు వణుకుతుంది. గోడ దీపాలను వేరే స్విచ్చు మీద ఉంచాలి. సాయంత్రం అదే బల్ల మీద పిల్లలు హోంవర్క్ చేస్తారు, అప్పుడు పూర్తి వెలుతురు కావాలి, భోజనానికి కొంత తగ్గించుకోవచ్చు.

వ్యాఖ్యాత: మన ఇళ్లలో బల్లకు సరిగ్గా పైన సీలింగ్ ఫ్యాన్ ఉంటుంది. మరి వేలాడే దీపం ఎలా సాధ్యమవుతుంది?

డిజైనర్: ఈ ప్రశ్న అడిగినందుకు చాలా సంతోషమండీ, ఎందుకంటే విదేశీ డిజైన్లను చూసి పని మొదలుపెట్టినవారు చివరికి ఆగేది ఇక్కడే. ఫ్యాన్ రెక్కలకు పైన ఫాల్స్ సీలింగ్‌లో దీపం పెడితే రెక్కల నీడ బల్ల మీద తిరుగుతూ తినేవారిని చికాకు పెడుతుంది. ముదురు గదిలో దీపాలు కొన్నే ఉంటాయి కాబట్టి ఆ నీడ మరీ స్పష్టంగా తెలుస్తుంది. ఫ్యాన్ పక్కనే తీగకు దీపాన్ని వేలాడదీస్తే గాలికి ఊగుతుంది. నేనైతే బల్ల మధ్యభాగాన్ని దీపానికి వదిలి, గాలిని గోడ ఫ్యానుకో ఏసీకో అప్పగిస్తాను. సీలింగ్ ఫ్యాన్ తప్పనిసరి అయిన ఇళ్లలో వేలాడే దీపాన్ని వదులుకుని, బల్లకు రెండు వైపులా గోడలకు దీపాలు, పక్కనున్న సైడ్‌బోర్డు మీద ఒక పెద్ద షేడ్ దీపం పెట్టిస్తాను. ఆ గదులు కూడా చాలా చక్కగా ఉంటాయి.

వ్యాఖ్యాత: ఇక రంగుల దగ్గరకు వద్దాం. నల్ల గోడ అంటే ఇంట్లో పెద్దలు ఒప్పుకోరు.

డిజైనర్: ఒప్పుకోనవసరం కూడా లేదు. అన్నం తినే చోట నలుపు వద్దనుకునే మనసును గౌరవించాలి, పైగా ఈ పద్ధతికి నలుపు తప్పనిసరి కాదు. నెమలికంఠం రంగు, వంకాయ రంగు, నేరేడు పండు రంగు, ముదురాకుపచ్చ ఇవన్నీ మన చీరల్లో తరతరాలుగా ఉన్నవే, ఏ అమ్మమ్మా వాటిని అశుభం అనదు. ఎరుపు విషయంలో మాత్రం జాగ్రత్త చెబుతాను. వెలుతురు బాగా తగ్గినప్పుడు మన కంటికి ఎరుపు నల్లబడినట్టు, నీలం, ఆకుపచ్చ కొంచెం తేరుకున్నట్టు అనిపిస్తాయి. 19వ శతాబ్దంలో పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త గమనించిన విషయమిది. మరోవైపు, వెచ్చని బల్బులో నీలి వెలుగు తక్కువ కాబట్టి ముదురు నీలం దాని కింద జీవం కోల్పోతుంది. ఈ రెంటి మధ్యా రాత్రిపూట చక్కగా నిలిచేవి ఆకుపచ్చ కలిసిన నీలాలు. రంగుల షాపులో ట్యూబ్‌లైటు కింద చూసి నిర్ణయించవద్దు. రెండడుగుల ప్లైవుడ్ ముక్కకు ఆ రంగు వేయించి, రాత్రి మీ ఇంట్లో, మీరు వాడబోయే బల్బు కిందే చూడండి.

వ్యాఖ్యాత: నిత్యం వాడే ఇంట్లో మరకల సంగతి ఏమిటి? ముదురు రంగు మురికిని దాచేస్తుందని అంటారు.

డిజైనర్: దుమ్మును ముదురు రంగు దాచదు, ఎత్తి చూపిస్తుంది. మన డైనింగ్ హాల్లో చేతులు కడుక్కునే వాష్‌బేసిన్ ఉంటుంది, బోరు నీళ్లు చిమ్మిన చోటల్లా ఆరిపోయాక ఉప్పు చుక్కలు తెల్లగా మిగులుతాయి. అందుకని బేసిన్ వెనుక ముదురు పెయింట్ వేయించను, అద్దం ఎత్తు వరకు గచ్చకాయ రంగు రాయో టైలో పరిపిస్తాను. గోడకు చెమ్మ ఉంటే ఇంకా ప్రమాదం, తెల్ల గోడ మీద తెలియని ఉప్పు పొంగు ముదురు గోడ మీద చారలు చారలుగా బయటపడుతుంది. బాత్రూమ్ గోడ పక్కనే భోజనాల గది ఉంటే ముందు లీకేజీ సరిచేయించి, గోడ పూర్తిగా ఆరాకే రంగు గురించి ఆలోచించాలి. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు గాలి ఊళ్లలో ఇది మరీ ముఖ్యం. పెయింటులో మెరుపు లేని, కడగడానికి వీలున్న ఎమల్షన్ తీసుకోవాలి, మెరిసే పెయింటైతే పుట్టీ ఎగుడుదిగుళ్లన్నీ పక్క దీపం వెలుగులో కనిపిస్తాయి. ప్రైమర్‌ను కూడా బూడిద రంగు కలిపించి వేయించండి, లేకపోతే తెలుపు మీద ముదురు రంగు నిండటానికి అదనపు కోటింగులు పడతాయి.

వ్యాఖ్యాత: బల్ల ఎలాంటిది బాగుంటుంది?

డిజైనర్: టేకు బల్లకు మించినది లేదు, పాత బల్ల ఉంటే పాలిష్ చేయించి వాడుకోవడం ఇంకా మంచిది. రాయి కావాలనుకునేవారికి ప్రకాశం జిల్లా చీమకుర్తి గ్రానైట్ ఉంది. బ్లాక్ గెలాక్సీ పేరుతో దేశదేశాలకు వెళ్లే ఆ నల్లరాతిలో బంగారు రవ్వల్లాంటి చుక్కలు ఉంటాయి, వేలాడే దీపం కింద అవి మెరుస్తుంటే చూడటానికి ఎంతో హాయిగా ఉంటుంది. అద్దంలా పాలిష్ చేయించిన రాతిలో మాత్రం బల్బు ప్రతిబింబం కంట్లో గుచ్చుకుంటుంది కనుక, బల్బు నేరుగా కనిపించకుండా కప్పు ఉన్న దీపం ఎంచుకోవాలి. కుర్చీల మీద గుడ్డకు, కిటికీ తెరలకు శ్రీకాళహస్తి కలంకారీ బాగా నప్పుతుంది. పాత ఇనుమును బెల్లం నీళ్లలో ఊరబెట్టి తీసే ఆ నలుపులో ఒక మెత్తదనం ఉంటుంది, అది యంత్రపు అచ్చులో రాదు.

వ్యాఖ్యాత: మన ఫ్లాట్లలో హాలు, డైనింగ్ కలిసే ఉంటాయి. ముదురు రంగును ఎక్కడ ఆపాలి?

డిజైనర్: పైన దూలం, పక్కన స్తంభం, గోడ మలుపు వంటి సహజమైన హద్దు దగ్గర ఆపాలి, చదునైన గోడ మధ్యలో ఎప్పుడూ ఆపకూడదు. ఆ హద్దు లోపల ఉన్న పైకప్పుకు, తలుపు చట్రానికి, స్కర్టింగ్‌కు కూడా అదే రంగు వేయించమంటాను. తెల్లటి పైకప్పును వదిలేస్తే చూపు మాటిమాటికీ అక్కడికే పోతుంది. హద్దు ఏదీ లేని ఇంట్లో సైడ్‌బోర్డు వెనుక గోడ ఒక్కదానికి వేయించి, అక్కడ ఇత్తడి సామాను, రెండు గోడ దీపాలు అమర్చితే సరిపోతుంది.

వ్యాఖ్యాత: అద్దె ఇంట్లో ఉన్నవారికి ఇందులో ఏదైనా సాధ్యమా?

డిజైనర్: తప్పకుండా సాధ్యమే. గోడను ముట్టుకోకుండా ముదురు రంగు తెరలు గోడ పొడవునా వేలాడదీయవచ్చు, ప్లగ్గుకు తగిలించే నిలువు దీపాన్ని బల్ల పక్కన పెట్టి రాత్రి భోజనానికి ట్యూబ్‌లైటు ఆపేయవచ్చు. సొంత ఇల్లు కట్టించుకుంటున్నవారు మాత్రం బల్ల ఎక్కడ వేస్తారో పుట్టీ పనికి ముందే ఎలక్ట్రీషియన్‌కు సుద్దముక్కతో నేల మీద గీసి చూపించాలి, ఎందుకంటే దీపం పాయింటు బల్ల మధ్యకు రాకపోతే తరువాత గోడలూ పైకప్పూ మళ్లీ పగలగొట్టాల్సి వస్తుంది.

వ్యాఖ్యాత: చాలా ఉపయోగకరమైన విషయాలు చెప్పారు మేడమ్, ధన్యవాదాలు.

డిజైనర్: నమస్కారమండీ.