3,81,65,47,290: ఏడు తేల్చిన సంఖ్య

ఒంగోలులో ఈ సభకు విచ్చేసిన ఉపాధ్యాయ మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

నేను మాట్లాడబోయేది ఒకే ఒక్క సంఖ్య గురించి: 3816547290. అంటే 381 కోట్ల 65 లక్షల 47 వేల 290. ఇందులో 0 నుంచి 9 దాకా అంకెలన్నీ ఒక్కొక్కసారే వచ్చాయి. ఎడమవైపు నుంచి రెండంకెలు తీసుకుంటే 38, అది 2తో నిశ్శేషంగా పోతుంది. మూడంకెల 381 మూడుతో, నాలుగంకెల 3816 నాలుగుతో, అలా పదింటి దాకా. పది అంకెలను 36,28,800 విధాలుగా పేర్చవచ్చు. వాటిలో ఈ లక్షణం ఉన్నది ఇదొక్కటే.

ఆ మాటకు కంప్యూటరు సాక్ష్యం అక్కర్లేదు, హైస్కూలు భాజనీయతా సూత్రాలు చాలు. పదో అంకె 0 కాక తప్పదు, అందువల్ల అయిదోది 5. సరి స్థానాల్లో సరి అంకెలే రావాలి కాబట్టి బేసి స్థానాలు బేసి అంకెలకు మిగులుతాయి. మూడో అంకె బేసి అయినప్పుడు 4తో పోవాలంటే నాలుగోది 2 గాని 6 గాని కావాలి. ఆరో అంకె సరి గనుక వందల స్థానం 8కి అడ్డురాదు, ఏడో అంకె బేసి, కాబట్టి ఎనిమిదోదీ 2 లేదా 6. ఇక 4, 8 అంకెలు రెండో, ఆరో స్థానాలకే వెళ్లాలి. 3తోనూ 6తోనూ పోవాలంటే నాలుగు, అయిదు, ఆరు స్థానాల అంకెల మొత్తం 3కు గుణిజం కావాలి. అంటే ఆ నడిమి మూడంకెలు 258 లేదా 654. అంకెలన్నిటి మొత్తం 45 కనుక తొమ్మిది గురించి చింతే లేదు.

ఇంతవరకు వచ్చేసరికి ముప్పై ఆరు లక్షలు పోయి పదే మిగులుతాయి. తేల్చవలసింది, పిల్లలు సులువైన సూత్రం లేదని విసుక్కునే ఆ ఏడే. 1472589ని ఏడుతో భాగిస్తే శేషం 6, 7412589కి 2, 9876543కి 5, మిగిలినవీ అంతే. 3816547 ఒక్కటే 545221 సార్లు సరిగ్గా తెగుతుంది. నాకైతే ఈ సంఖ్యలో అన్నిటికన్నా అందమైన ఘట్టం ఇదే. ఏడు ముచ్చట మనకు పాతదే: 142857143ను 7తో హెచ్చిస్తే వచ్చే 1000000001ని 9వ శతాబ్దపు మహావీరాచార్యుడు కంఠాభరణంతో పోల్చాడు. ఆయన గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసిన మల్లన ఇంటిపేరులో ఉన్నది మన ఇంకొల్లు దగ్గరి పావులూరే.

అంకెలు మళ్లీ రావచ్చునంటే ఈ వరుస ఇంకా సాగుతుంది, కాని ఎల్లకాలం సాగదు. భాజకం పది దాటాక, చేర్చగల అంకెలు పదే కావడంతో, నిలిచే సంఖ్యలు పలచబడతాయి. ఇలాంటివి మొత్తం 20,456 ఉన్నాయి. వాటిలో పెద్దది 25 అంకెల 3608528850368400786036725. దాని చివర 0 నుంచి 9 వరకు ఏ అంకె చేర్చినా 26తో నిశ్శేషంగా పోదు.