భుజం నొప్పి గురించి రక్తపరీక్ష ఏం చెబుతుంది?

అందరికీ నమస్కారం.

భుజం నొప్పితో వచ్చేవాళ్ళు చాలామంది కుర్చీలో కూర్చోకముందే రిపోర్టు నా చేతికిస్తారు. "డాక్టర్ గారూ, సీఆర్పీ నార్మల్, ఈఎస్ఆర్ నార్మల్. మరి రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోతున్నానే, ఎందుకు?" అని అడుగుతారు. ఆ కాగితం చూసి ఇంట్లోవాళ్ళు అప్పటికే "అన్నీ బాగానే ఉన్నాయి కదా" అనేసి ఉంటారు. నొప్పి ఒక బాధ అయితే, నమ్మకపోవడం ఇంకో బాధ. సీఆర్పీ, ఈఎస్ఆర్ రెండూ ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు, మంట) ఉందేమో సూచించే రక్తపరీక్షలు. అందుకే ఇవాళ ఆ కాగితం ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో మాట్లాడుకుందాం.

ముందు ఈఎస్ఆర్. గడ్డకట్టకుండా మందు కలిపిన రక్తాన్ని సన్నటి గొట్టంలో నింపి నిటారుగా నిలబెడతారు. ఎర్రకణాలు మెల్లగా కిందికి దిగుతుంటే, పైన లేత పసుపు రంగు ప్లాస్మా మిగులుతుంది. గంటలో ఎన్ని మిల్లీమీటర్లు దిగిందన్నదే లెక్క. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉంటే ఫైబ్రినోజన్ అనే ప్రోటీన్ పెరుగుతుంది. అప్పుడు ఎర్రకణాలు నాణేలు పేర్చినట్టు దొంతరలుగా అతుక్కుని తొందరగా దిగిపోతాయి. 1921లో వెస్టర్‌గ్రెన్ అనే స్వీడన్ వైద్యుడు వివరించిన పద్ధతే ఇప్పటికీ ప్రమాణం. అయితే రక్తహీనత ఉన్నా, కడుపుతో ఉన్నా, వయసు మీద పడినా ఆ అంకె పెరుగుతుంది.

సీఆర్పీ కథ వేరు. ఇది రక్తంలో ఉండే ఒక ప్రోటీన్. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిలెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని గుర్తించారు. ఇది తయారయ్యేది కాలేయంలో. ఒంట్లో ఎక్కడైనా దెబ్బ తగిలినా, సూక్ష్మజీవి చొరబడినా అక్కడి కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 అనే రసాయనాన్ని వదులుతాయి. అది రక్తంలో కలిసి కాలేయం దాకా చేరితే, కాలేయం సీఆర్పీని వదలడం మొదలుపెడుతుంది. కొన్ని గంటల్లోనే పెరిగి, రెండు రోజులకల్లా పతాక స్థాయికి చేరుతుంది. కారణం ఆగిపోతే సుమారు 19 గంటలకోసారి సగానికి పడిపోతుంది.

"కాలేయం దాకా చేరితే" అన్నాను చూశారా, అసలు విషయమంతా అక్కడే ఉంది. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తెల్లటి తాడు లాంటిదే టెండన్. భుజం చుట్టూ నాలుగు కండరాల టెండన్లు కలిసి రొటేటర్ కఫ్ అవుతాయి. వాటిలో ఎక్కువగా దెబ్బతినేది పైనుండే సుప్రాస్పైనేటస్. ఎముకకు అతుక్కునే చోట దాని వెడల్పు సుమారు రెండు సెంటీమీటర్లు. దానికి రక్తసరఫరా కూడా తక్కువే. అంత చిన్న చోట పుట్టిన గొడవ కాలేయానికి వినబడేంత పెద్దది కాకపోవచ్చు. భుజం పైభాగంలో మెత్తలా ఉండే బర్సాలోంచి తీసిన నమూనాల్లో ఇన్‌ఫ్లమేషన్ రసాయనాలు ఎక్కువగా కనిపించాయి. అంటే రక్తపరీక్ష మామూలుగా ఉన్నా భుజంలో నిప్పు ఉండొచ్చు.

ఆ నిప్పు ఎంత అన్నదాని మీద కూడా చాలాకాలం వాదన నడిచింది. దెబ్బతిన్న టెండన్ ముక్కను మైక్రోస్కోప్‌లో చూస్తే, దువ్విన జుట్టులా బారుగా ఉండాల్సిన కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు చిందరవందరగా కనిపిస్తాయి. ఇన్‌ఫ్లమేషన్ ఉన్నచోట చేరే తెల్లరక్తకణాలు మాత్రం పెద్దగా ఉండవు. అందుకే టెండన్‌లో ఇన్‌ఫ్లమేషన్ అని అర్థమొచ్చే టెండినైటిస్ అనే పేరు పక్కనపెట్టి, టెండన్ జబ్బు అని మాత్రమే అర్థమొచ్చే టెండినోపతి అనడం మొదలైంది. తర్వాత మరింత సున్నితమైన పద్ధతులతో వెతికితే, ముఖ్యంగా తొలి దశలో, మాక్రోఫేజ్ అనే ఒక రకం తెల్లరక్తకణాలు దొరికాయి. కాబట్టి "ఇన్‌ఫ్లమేషన్ అసలు లేనే లేదు" అనడం కూడా తొందరపాటే అని నా అభిప్రాయం.

ఇక సీఆర్పీ కాస్త పెరిగి, లీటరుకు 4 మిల్లీగ్రాములో 5 మిల్లీగ్రాములో వచ్చిందనుకోండి. దాన్ని వెంటనే భుజానికి అంటగట్టకండి. పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు, సిగరెట్, చిగుళ్ళ జబ్బు, నిన్నమొన్న వచ్చిన జలుబు కూడా అంత పెంచగలవు. నన్నడిగితే, ఇలాంటివాళ్ళు హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు చక్కెర చెప్పే పరీక్ష, చేయించుకోవడం ఎక్కువ ఉపయోగం. రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే అది కొల్లాజెన్ పోగులకు అంటుకుని వాటిని బిరుసుగా చేస్తుంది. షుగర్ ఉన్నవాళ్ళలో టెండన్ జబ్బులూ, భుజం బిగుసుకుపోవడమూ ఎక్కువగా చూస్తున్నాం.

రక్తపరీక్ష తప్పనిసరి అయిన సందర్భాలూ ఉన్నాయి, ఇవి జాగ్రత్తగా వినండి. వయసు యాభై దాటింది, రెండు భుజాలూ ఒకేసారి పట్టేశాయి, పొద్దున లేవగానే ముప్పావు గంట దాకా బిగుతు వదలట్లేదు. అప్పుడు ఈఎస్ఆర్, సీఆర్పీ బాగా పెరిగి ఉంటే అది పాలీమయాల్జియా రుమాటికా, అంటే భుజాలూ తుంట్లూ బిగుసుకుపోయే ఇన్‌ఫ్లమేషన్ జబ్బు కావచ్చు, దానికి వైద్యం పూర్తిగా వేరు. వీళ్ళలో ఎవరికైనా కొత్తగా తలనొప్పి మొదలైనా, నమిలేటప్పుడు దవడ నొప్పెట్టినా, చూపు మసకబారినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. ఈ జబ్బున్న కొందరిలో తల రక్తనాళాలూ వాస్తాయి. కంటికి వెళ్ళే రక్తనాళం మూసుకుపోతే పోయిన చూపు మళ్ళీ రాకపోవచ్చు. జ్వరంతో పాటు భుజం వాచి, వేడెక్కి, కదిలిస్తే ప్రాణం పోయేంత నొప్పి వచ్చినా అంతే. కీలులో చీము పట్టిందేమో చూడాలి.

ఇవేవీ లేకుండా, రిపోర్టు నార్మల్‌గా ఉండి, చెయ్యి ఎత్తితే పీకుతుంటే అది టెండన్ నొప్పి కావచ్చు. చేత్తో పరీక్షించి, అవసరమైతే అల్ట్రాసౌండ్ తీసి తేల్చుకోవాలి. మందు ప్రధానంగా వ్యాయామమే. దానికి వారాలు కాదు, మూడు నెలల ఓపిక కావాలి. మధ్యలో "తగ్గిందా లేదా" అని సీఆర్పీ మళ్ళీ చేయించుకుంటున్నారు కొందరు. మొదట్లోనే నార్మల్‌గా ఉన్న అంకె ఇప్పుడు కొత్తగా ఏం చెబుతుంది? దాని బదులు గోడకు ఎదురుగా నిలబడి, నొప్పి పుట్టే చేతి వేళ్ళను పైకి పాకించండి. ఎక్కడ ఆగిపోతే అక్కడ పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ రాసుకోండి. నెల తర్వాత నా దగ్గరికి వచ్చినప్పుడు ఆ గీత ఎంత పైకి జరిగిందో చెప్పండి. నేను ముందు అడిగేది అదే.