పది రూపాయలు ఏ చట్టంలో ఉన్నాయి?

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరి పేర్లూ చెప్పడం లేదు, మన్నించండి. పది నిమిషాలే ఇచ్చారు. గ్రంథాలయ వారోత్సవాలు కదా, పుస్తకాల గురించి మాట్లాడమన్నారు. నేను గెజిట్ గురించి, అంటే ప్రభుత్వం తన రూల్స్ అచ్చేసే అధికారిక పత్రిక గురించి మాట్లాడతాను.

మా నాయన పోయాక అమ్మకు ఫ్యామిలీ పింఛను ఎందుకు ఆగిందో తెలుసుకుందామని ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. పది రూపాయల పోస్టల్ ఆర్డరు గుండుసూదితో గుచ్చి పంపాను. మూడు వారాలకు ఆ కాగితాలే తిరిగొచ్చాయి. పోస్టల్ ఆర్డరు మీద డబ్బు ఎవరికి చెల్లించాలో చెప్పేచోట ‘అకౌంట్స్ ఆఫీసర్’ అని రాయాల్సింది, నేను ఆఫీసు పేరు రాశానట. అమ్మ ఆ కవరు తడిమి చూసి, ‘డబ్బులొచ్చినాయా నాయనా?’ అనింది.

ఆ రాత్రి 2005 నాటి చట్టం మొదటినుంచీ చదివాను. పది రూపాయలని ఎక్కడా లేదు. అకౌంట్స్ ఆఫీసరు మాటా లేదు. ‘నిర్దేశించిన రుసుము’ అని ఉందంతే. మిగతాదంతా తర్వాత ప్రభుత్వం రాసిన రూల్స్‌లో ఉంది.

మరి ఆ రూల్స్‌ను చూసేదెవరు? అదే చట్టం 29వ సెక్షన్ చెబుతుంది, కేంద్రం చేసిన ప్రతి రూలునూ ఉభయసభల ముందు 30 రోజులు ఉంచాలని. రెండు సభలూ ఒప్పుకుంటేనే మార్పో, రద్దో. ఎవరూ నోరు మెదపకపోతే రూలు ఉన్నదున్నట్టే. రద్దయినా అంతకుముందు జరిగింది చెల్లుతుంది. బ్రిటన్‌లో కొన్ని ఉత్తర్వులకు సభ ఆమోదం తప్పనిసరి. మన దగ్గర ఎక్కువ భాగం మౌనంతోనే గట్టెక్కుతాయి. అందుకే 1953లో లోక్‌సభ ఒక కమిటీ వేసుకుంది. పదిహేను మంది సభ్యులు, మంత్రులకు చోటు లేదు. రూలు చట్టం గీసిన గీత దాటిందా, కోర్టుకెళ్లే దారి మూసిందా అని చూస్తారు. వాళ్లను నామినేట్ చేసేది స్పీకరు. 1956 నుంచి 1962 దాకా ఆ కుర్చీలో ఉన్నదెవరు? మన తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు! ఎంతమంది పిల్లలకు తెలుసిది? చేతులెత్తండి. చూశారా, ఇద్దరు.

అమ్మ సంగతి మధ్యలో వదిలేశాను. మళ్లీ పోస్టల్ ఆర్డరు తీశాం, జవాబొచ్చింది, ఏడు నెలలకు పింఛనూ వచ్చింది. ఆ గుమాస్తా మీద నాకు కోపం లేదు. ఆ రూలు ఢిల్లీలో సభ ముందున్న రోజుల్లో ఇక్కడ మనకెవరికీ తెలియలేదే, అదే నా బాధ.

లైబ్రేరియన్ గారూ, ఆ దినపత్రికల బల్ల మీద ఒక చివర నాకివ్వండి. గెజిట్ ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతోంది. మన జనానికి పనికొచ్చే రూల్స్ వారం వారం ప్రింటు తీసి నేనే తెస్తాను, తెలుగులో చెప్పే పని కూడా నాదే. అభ్యంతరముంటే ఆ కమిటీకి రాద్దాం, మన ఎంపీకి రాద్దాం. సోమవారం పదింటికల్లా వస్తాను.